కూలెంట్ మార్పించిన నెల రోజులకే మళ్లీ తుప్పునీళ్లు: లెక్క ఎక్కడ తప్పింది?

మూసీ ఒడ్డు (చర్చ ప్రారంభించినవారు)
శనివారం, ఉదయం 7.10

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా. నా దగ్గర 2013 మోడల్ డీజిల్ కారు ఉంది, ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఐదారేళ్లుగా కూలెంట్ సంగతి నేను పట్టించుకోలేదని ముందే ఒప్పుకుంటున్నాను. మధ్యమధ్యలో మట్టం తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లే పోశాను.

పోయిన నెలలో మా ఊళ్లోని ఒక షెడ్డులో రేడియేటర్ అడుగు నుంచి పాత నీళ్లు దింపించి, పై నుంచి నల్లా గొట్టం పెట్టి తేటనీళ్లు వచ్చేదాకా కడిగించి, మూడు లీటర్ల ఆకుపచ్చ కూలెంట్ పోయించాను. నేరుగా వాడవచ్చునని, నీళ్లు కలపనక్కరలేదని డబ్బా మీద రాసి ఉంది. మొన్న శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ డ్యాము దాటి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కుతుండగా, ఎప్పుడూ సగానికి కింద ఉండే, ఇంజిన్ వేడి చూపే ముల్లు ముప్పాతిక దాకా పోయింది. పక్కన ఆపి, అరగంట ఆగి, మెల్లగా ఇంటికి చేరాము. మర్నాడు ఉదయం చూస్తే రిజర్వు డబ్బాలోని ఆకుపచ్చ ద్రవం టీ డికాక్షన్ రంగుకు తిరిగి ఉంది.

కారుతో ఇచ్చిన పుస్తకంలో మొత్తం ఆరు లీటర్లు పడుతుందని ఉంది. ఆ మాట షెడ్డులో అడిగితే, మూడే పట్టిందని, అంతకు మించి చుక్క కూడా దిగలేదని చెప్పారు. తేటనీళ్లు వచ్చేదాకా కడిగిన తరువాత తుప్పు మళ్లీ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. రేడియేటర్ మార్చాలా, లేక హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కు, పైన ఉండే హెడ్‌కు మధ్య బిగించే సీలు) పోయిందా?

పాత పానా
శనివారం, ఉదయం 8.25

మూసీ ఒడ్డు గారికి, ముందు ఒక మాట. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూతను ముట్టుకోకండి. లోపలి నీళ్లు ఒత్తిడిలో ఉన్నంతసేపే నీళ్లుగా ఉంటాయి. మూత తిప్పిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ముప్పై ఏళ్లకు పైగా గ్యారేజీలో పనిచేసిన వాడిని, నా ఎడమ మోచేతి మీద ఇప్పటికీ ఆ మచ్చ ఉంది.

ఇక మీ ప్రశ్నకు జవాబు మీరు రాసిన అంకెల్లోనే ఉంది. ఆరు లీటర్లు పట్టే ఇంజిన్‌లో మూడు లీటర్లే పట్టాయంటే మిగిలిన మూడు లీటర్లు బయటికి రానే లేదు. రేడియేటర్ అడుగు నుంచి దింపితే రేడియేటర్‌లోనివి, పైపుల్లోనివి మాత్రమే వస్తాయి. సిలిండర్ల చుట్టూ, హెడ్‌లో, హీటర్ గొట్టాల్లో ఉన్నవి అక్కడే ఉండిపోతాయి. చల్లని ఇంజిన్‌లో థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే ఇంజిన్‌కు, రేడియేటర్‌కు మధ్య దారి తెరిచే వాల్వు) మూసుకుని ఉంటుంది కనుక పై నుంచి ఎంతసేపు గొట్టం పెట్టి కడిగినా రేడియేటరే శుభ్రమవుతుంది, ఇంజిన్ లోపలికి ఆ నీరు పోదు. మీరు చూసిన తేటనీళ్లు రేడియేటర్‌వి. తుప్పునీళ్లు బ్లాక్‌లో కదలకుండా కూర్చున్నాయి. మీరు ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక ఆ రెండూ కలిశాయి.

రేడియేటర్ మార్చే ఆలోచన ఇప్పుడే వద్దు. ఆయిల్ మూత లోపల పాలు కలిపిన టీ లాంటి మురుగు ఉన్నదేమో, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు తియ్యని వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తున్నదేమో, ఇంజిన్ తిరుగుతుండగా రిజర్వు డబ్బాలో బుడగలు వరుసగా పైకి వస్తున్నాయేమో చూసి చెప్పండి. ఈ మూడూ లేకపోతే హెడ్ గ్యాస్కెట్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

పాత తొమ్మిదో నంబరు
శనివారం, ఉదయం 10.40

పెద్దల మాటకు అడ్డు చెప్పడం నా ఉద్దేశం కాదు కానీ, ఈ కూలెంట్ అవసరం మీదే నాకు అనుమానం ఉంది. హైదరాబాద్, విజయవాడ రోడ్డు ఇంకా 9వ నంబరు జాతీయ రహదారిగా ఉన్న రోజుల్లో మా నాన్నగారు దాని మీద లారీ నడిపేవారు. క్యాబిన్‌లో ఎప్పుడూ ఒక నీళ్ల డబ్బా ఉండేది. ఎక్కడ ఆపితే అక్కడి బావి నీళ్లో, చెరువు నీళ్లో పోసేవారు. కూలెంట్ అనే పేరే ఆయన వినలేదు, ఆ ఇంజిన్ పద్దెనిమిదేళ్లు తిరిగింది. మన ఎండలకు నీళ్లు గడ్డకట్టేది లేదు కదా, గడ్డకట్టకుండా చూసే మందుకు డబ్బు పోయడం ఎందుకు?

రసాయనం మాస్టారు
శనివారం, మధ్యాహ్నం 1.15

పాత తొమ్మిదో నంబరు గారి ప్రశ్నలో సగం న్యాయం ఉంది. చలికాలంలో లంబసింగిలో కూడా ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకే దిగుతుంది. గడ్డకట్టే భయం కోసమే అయితే మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ గ్లైకాల్ (కూలెంట్‌లో గడ్డకట్టకుండా చూసే ద్రవం) అక్కరలేదు. పైగా నీళ్లంత బాగా వేడిని మోసుకుపోయే ద్రవం లేదు. నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపితే ఆ శక్తి తగ్గుతుందే తప్ప పెరగదు. అయితే డబ్బాలో గ్లైకాల్ ఒక్కటే ఉండదు. అల్యూమినియం, పోత ఇనుము, సోల్డరు, రబ్బరు అన్నీ ఒకే నీటిలో నానుతున్నప్పుడు వాటిని తుప్పు నుంచి కాపాడే మందులు అందులో ఉంటాయి. మనకు కావలసినవి అవే. నాన్నగారి లారీలో ఇనుప బ్లాక్, రాగి, ఇత్తడితో చేసిన రేడియేటర్ ఉండి ఉంటాయి. పెచ్చు పడితే రేడియేటర్ షాపులో పై ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లోకి ఊచలు దించి శుభ్రం చేసేవారు. నేటి అల్యూమినియం రేడియేటర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు బిగించి ఉంటుంది, దానిలో ఆ వైద్యం సాగదు.

ఇక బోరు నీళ్ల సంగతి. స్నానానికి నీళ్లు కాచే గిన్నెకు లోపల తెల్లగా పెచ్చు కట్టడం మన ఇళ్లలో అందరూ చూసినదే. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి కాల్షియం కార్బనేట్‌గా మారి గోడకు అంటుకుంటుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న బోరు నీళ్లు ఆరు లీటర్లు పోస్తే మూడు గ్రాముల పెచ్చు పడుతుంది. అంతటితో కొంప మునగదు. కానీ వారానికి అర లీటరు చొప్పున పోస్తూ పోతే ఏడాదికి 26 లీటర్లు అవుతాయి. ఆవిరిగా పోయేది నీరు మాత్రమే, లవణం లోపలే ఉంటుంది. ఆ లెక్కన ఏడాదికి 13 గ్రాములు, ఐదేళ్లకు 65 గ్రాములు. అది అన్ని చోట్లా సమానంగా పరుచుకోదు, అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టుపక్కల, ముందుగా పడుతుంది. వేడి బయటికి పోవలసిన చోటే రాతి పొర కట్టినట్లు అవుతుంది. దీనికి తోడు బోరు నీటిలోని క్లోరైడులు అల్యూమినియాన్ని చిన్న చిన్న గుంటలుగా తింటాయి.

అనంత రైతు
శనివారం, సాయంత్రం 6.05

మాస్టారు చెప్పినది మా ట్రాక్టర్ విషయంలో నిజమైంది. మాది అనంతపురం జిల్లా. పొలంలోని బోరు నీళ్లే ఏడేళ్లు పోశాము. ఒక రోజు ఆయిల్ మట్టం చూస్తే పోసిన దానికంటే ఎక్కువ కనిపించింది. ఇంజిన్ విప్పితే మూడో సిలిండర్ లైనర్‌కు (పిస్టన్ ఆడే ఇనుప తొడుగుకు) బయటి వైపు సూదితో పొడిచినట్లు గుంటలు పడి, ఒకటి లోపలి దాకా పోయింది, నీళ్లు ఆ దారిన ఆయిల్‌లో కలిశాయి. లైనర్ బయటి గోడ నేరుగా నీళ్లలో ఉండే డీజిల్ ఇంజిన్లలో, పిస్టన్ దెబ్బకు లైనర్ సన్నగా అదురుతుందని, ఆ అదురుకు దాని పక్కన నీటిలో బుడగలు పుట్టి పగిలినప్పుడల్లా ఇనుము కొంచెం కొంచెంగా రాలిపోతుందని విప్పిన మేస్త్రి వివరించాడు. సరైన కూలెంట్‌లోని మందు లైనర్ మీద పొరగా నిలిచి ఈ దెబ్బను కాచుకుంటుందట.

మా వైపు ఇంకొక అలవాటు ఉంది. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేస్తారు. నిజానికి అది పనిచేస్తుంది: పొడి ఉబ్బి, కన్నం దగ్గర చేరి కారడం ఆగుతుంది. నేనూ వేశాను. కోత రోజుల్లో పొలం మధ్య ఆగిపోతే అంతకన్నా గతి లేదు. కానీ ఆ పసుపుకు కారే కన్నమేదో, నీళ్లు పారవలసిన గొట్టమేదో తెలియదు. తరువాత మా రేడియేటర్ విప్పినప్పుడు గొట్టాల నోళ్లలో పాకం గట్టిపడినట్లు పచ్చటి ముద్ద కనబడింది.

పాత తొమ్మిదో నంబరు
శనివారం, రాత్రి 8.30

ఊచలు దించే పని నేను చిన్నప్పుడు సూర్యాపేటలో కళ్లారా చూశాను, దానిని మరచిపోయి రాశాను. మాస్టారి జవాబు ఒప్పుకుంటున్నాను.

మిన్నెసోటా మంచు
శనివారం, రాత్రి 9.50

గడ్డకట్టడం మాకు మాటవరసకు చెప్పుకునే సంగతి కాదు. జనవరిలో ఇక్కడ మిన్నెసోటాలో (అమెరికా) సున్నాకు కింద 30 డిగ్రీల దాకా పోతుంది. సగం సగం మిశ్రమం సుమారు సున్నాకు కింద 37 డిగ్రీల వరకు ఆగుతుంది. విచిత్రమేమిటంటే, నీళ్లు కలపని గ్లైకాల్ సున్నాకు కింద 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చిక్కగా ఉంటే మంచిదని నీళ్లు కలపకుండా పోసేవారికి ఇది తెలియదు. నేను ప్రతి శరదృతువులోనూ రిఫ్రాక్టోమీటర్ (ద్రవంలో గ్లైకాల్ ఎంత ఉందో చూపే చిన్న పరికరం) అద్దం మీద ఒక చుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి చూస్తాను. నీలం, తెలుపు కలిసే గీత ఎక్కడ ఉందో అదే గ్లైకాల్ శాతం. మూసీ ఒడ్డు గారు ఎవరి దగ్గరైనా దానిని అరువు తెచ్చుకుంటే పాత పానా గారి లెక్క నిజమో కాదో తేలిపోతుంది.

రంగును మాత్రం నమ్మకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనేవి తయారీదారు కలిపిన రంగులు. ఒకే రంగులో రెండు వేర్వేరు రకాల మందులు ఉండవచ్చు. కారు పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే కొనండి.

మూసీ ఒడ్డు
ఆదివారం, ఉదయం 6.45

అందరికీ ధన్యవాదాలు. ఆయిల్ మూత శుభ్రంగా ఉంది, పొగ లేదు, బుడగలు లేవు. మా బంధువులలో ఒకరి దగ్గర రిఫ్రాక్టోమీటర్ ఉంటే తెచ్చి చూశాను. గీత 15, 20 శాతాల మధ్య ఆగింది. డబ్బా మీద ఒక పాలు గ్లైకాల్, రెండు పాళ్లు నీళ్లు అని సన్న అక్షరాల్లో ఉంది. అంటే 33 శాతం ద్రవం మూడు లీటర్లు, లోపల మిగిలిన పాత నీళ్లు మూడు లీటర్లు కలిసి సగానికి పడిపోయిందన్నమాట.

ఈసారి నేనే చేద్దామనుకుంటున్నాను. బాత్రూములు కడిగే యాసిడ్ ఒక మూత పోస్తే పెచ్చు మొత్తం ఊడి వస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. నిమ్మ ఉప్పు చాలని ఇంకొకరు అన్నారు. ఏది మేలు?

పాత పానా
ఆదివారం, ఉదయం 8.00

బాత్రూము యాసిడ్ సంగతి మరచిపోండి. అది పెచ్చుతో పాటు అల్యూమినియాన్ని కూడా తింటుంది. నిమ్మ ఉప్పు సాధువైనదే, ఇనుప తుప్పుకు బాగా పనిచేస్తుంది. కానీ పన్నెండేళ్ల నాటి పలుచని రేడియేటర్‌లో చిన్న కన్నాన్ని ఆ పెచ్చే మూసి ఉంచి ఉండవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ముందు ఉత్త నీళ్లతోనే నాలుగు సార్లు కడగండి. అప్పటికీ రంగు వస్తుంటే మందు గురించి ఆలోచిద్దాం.

పని ఇలా సాగాలి. రాత్రంతా నిలిపిన చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టండి. కింద వెడల్పాటి తొట్టి పెట్టి అడుగు పైపు క్లిప్పు వదులు చేసి పైపు లాగండి. పాత కార్లలో అడుగున ఉండే ప్లాస్టిక్ కుళాయి జోలికి పోకండి, తిప్పగానే విరిగి చేతిలోకి వస్తుంది. వచ్చిన ద్రవాన్ని లీటరు సీసాతో కొలవండి. ఈ కొలత లేకుండా చేసిన పనంతా వృథా. తరువాత పైపు బిగించి, నీళ్లు నింపి, ఏసీ ఆపి, హీటర్ మీటను పూర్తి వేడి వైపు తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయండి. మనవాళ్లు హీటర్‌ను జన్మలో వాడరు. కొన్ని కార్లలో ఆ మీట తిప్పితే తప్ప హీటర్ గొట్టాల్లోని నిలవ నీళ్లు కదలవు. పై పైపు, కింది పైపు రెండూ వేడెక్కాయంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్లు. ఫ్యాను రెండు సార్లు తిరిగి ఆగేదాకా ఉంచి, ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి హెడ్ మీద చల్లని నీళ్లు పోస్తే అది వంగుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. చల్లారడానికే ఒక్కో విడతకు రెండు మూడు గంటలు పడుతుంది కనుక ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. షెడ్డులో ఎవరూ ఇలా చేయకపోవడానికి కారణం కూడా అదే. వారిని తప్పు పట్టలేను.

ప్రతి విడతకు సగం పోతుంది, సగం మిగులుతుంది. మొదటి విడతకు పాతది 50 శాతం, రెండో విడతకు 25, మూడో విడతకు పన్నెండున్నర, నాలుగో విడతకు ఆరు శాతం. మొదటి రెండు విడతలకు తాగేందుకు అమ్మే ఆర్వో నీళ్లు చాలు, చివరి రెండింటికి మాత్రం బ్యాటరీ నీళ్లే పోయండి.

అసలు కిటుకు చివర ఉంది. నాలుగో విడత అయ్యాక దింపినప్పుడు కూడా బ్లాక్‌లో మూడు లీటర్ల నీళ్లు ఉంటాయి. అప్పుడు నీళ్లు కలిపి అమ్మే డబ్బా పోస్తే మళ్లీ మొదటి కథే. నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ కొనండి. మన ఎండలకు 40 శాతం సరిపోతుంది. ఆరు లీటర్లలో 40 శాతం అంటే 2.4 లీటర్లు. ముందు ఆ 2.4 లీటర్ల చిక్కటిది పోసి, మిగిలిన చోటును 600 మిల్లీలీటర్ల బ్యాటరీ నీళ్లతో నింపండి. మొత్తం ఇంజిన్‌లోనే కలిసిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు చవకైన వస్తువులు చూడండి: రేడియేటర్ మూత, థర్మోస్టాట్.

ఘాట్ రోడ్డు
ఆదివారం, ఉదయం 9.20

గాలి గురించి ఒక మాట చేరుస్తాను. నింపేటప్పుడు కారు ముందు చక్రాలను మెట్టు మీదికి ఎక్కించి, రేడియేటర్ నోరు అన్నిటికంటే ఎత్తులో ఉండేలా చూడండి. సన్నని ధారగా పోస్తూ పై పైపును చేత్తో పిసుకుతుంటే గుడగుడమని గాలి బయటికి వస్తుంది. గాలి తీసే మర వేరే ఉన్న కార్లలో, బుడగలు ఆగి ద్రవం నిండుగా వచ్చేదాకా దానిని వదులుగా ఉంచాలి. డ్యాష్‌బోర్డు వెనుక నీళ్లు పారుతున్న చప్పుడు వినబడినా, ఇంజిన్ వేడెక్కినా హీటర్ గాలి చల్లగానే వస్తున్నా లోపల గాలి ఉన్నట్లే. పోయిన ఏడు ఇదే తెలియక నేను మంచి వాటర్ పంపును మార్పించాను.

మూసీ ఒడ్డు
మంగళవారం, రాత్రి 9.05

రెండు రోజులు పట్టింది. మొదటిసారి దింపితే 2.9 లీటర్లు వచ్చాయి, పాత పానా గారి అంచనాకు వంద మిల్లీలీటర్లే తేడా. తొట్టి అడుగున గోధుమ రంగు ఒండ్రు ఒక చెంచాడు మిగిలింది, వేళ్ల మధ్య నలిపితే మెత్తటి ఇటుక పొడిలా ఉంది. రెండో విడత నీళ్లు టీ రంగులో, మూడో విడతవి నిమ్మరసం రంగులో వచ్చాయి. నాలుగో విడత నీళ్లను గాజు గ్లాసులో పట్టి పత్రిక మీద పెడితే కింది అక్షరాలు చదవగలిగాను. నిమ్మ ఉప్పు అవసరం పడలేదు.

థర్మోస్టాట్‌ను దారంతో కట్టి, అడుగుకు తగలకుండా గిన్నె నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద కాచాను. దాని మీద 82 అని చెక్కి ఉంది. థర్మామీటర్ 83 చూపినప్పుడు సన్నని వెంట్రుక వాసి సందు కనబడింది, 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంది, కాబట్టి దానిలో దోషం లేదు. ఆ గిన్నెను ఇక వంటింట్లోకి రానివ్వనని మా ఇంటావిడ చెప్పడంతో కొత్త గిన్నె ఖర్చు కూడా ఈ లెక్కలో చేరింది.

దోషం మూతలో దొరికింది. పైన 1.1 అని ఉంది, లోపలి రబ్బరు మాత్రం ఎండిన చింతపండు తొక్కలా పగుళ్లు వేసి గట్టిపడింది. కొత్తది వేశాను.

రసాయనం మాస్టారు
మంగళవారం, రాత్రి 9.40

ఘాట్‌లో ముల్లు లేవడానికి మూత ప్రధాన కారణం అయి ఉండవచ్చు. 1.1 బార్ ఒత్తిడి నిలిపితే ఉత్త నీళ్లు కూడా దాదాపు 121 డిగ్రీల దాకా మరగవు. ఆ రబ్బరు ఒత్తిడి నిలపకపోతే 100 డిగ్రీలకే హెడ్ దగ్గర ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ ఉన్న చోట లోహానికి నీరు తగలదు. మీరు ఎన్నాళ్లుగానో తరచూ నీళ్లు పోయవలసి రావడానికి కూడా అదే కారణం కావచ్చు.

దింపిన ద్రవమంతా ఏం చేశారు?

మూసీ ఒడ్డు
మంగళవారం, రాత్రి 10.00

నాలుగు డబ్బాల్లో పట్టి మెట్ల కింద పెట్టాను. మోరీలో పోద్దామని అనుకుంటున్నాను.

రసాయనం మాస్టారు
మంగళవారం, రాత్రి 10.10

దయచేసి పోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు ఇష్టంగా తాగుతాయి. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టి ప్రాణం తీస్తుంది. మనిషికైనా సుమారు 100 మిల్లీలీటర్లు చాలు. ఆ డబ్బాలకు మూతలు బిగించి, విషమని రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. వ్యర్థ ద్రవాలకు పీపా పెట్టే పెద్ద సర్వీసు కేంద్రం ఏదైనా ఉంటే అడిగి అక్కడ ఇవ్వండి.

మూసీ ఒడ్డు
బుధవారం, ఉదయం 7.30

డబ్బాలను తాళం వేసే గదిలోకి మార్చాను, శుక్రవారం నల్గొండ వెళ్లినప్పుడు అప్పగిస్తాను. నిన్న రాత్రి పదిహేను కిలోమీటర్లు తిప్పి, ఈ ఉదయం చల్లారాక చూస్తే రిజర్వు డబ్బాలో మట్టం ఒక వేలెడు తగ్గి ఉంది. రంగు ఆకుపచ్చగానే ఉంది. డ్యాష్‌బోర్డు వెనుక చప్పుడు కూడా లేదు. 200 మిల్లీలీటర్లు పోయవలసి వచ్చింది, ఇది కారడమేనా?

పాత పానా
బుధవారం, ఉదయం 7.50

మొదటి రోజు అంత తగ్గడం మామూలే, లోపల మిగిలిన గాలి బయటికి వచ్చి ఆ చోటు నిండింది. ఆ 200 మిల్లీలీటర్లు బోరు నీళ్లు కావు కదా? వారం పాటు రోజూ ఉదయం చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీద పెన్నుతో గీత పెట్టి చూడండి. గీత దిగకపోతే వచ్చే నెల మళ్లీ శ్రీశైలం వెళ్లి రండి. దిగితే వాటర్ పంపు కింద ఉన్న చిన్న రంధ్రం దగ్గర తడి ఉందేమో చూసి ఇక్కడ రాయండి.

మూసీ ఒడ్డు
బుధవారం, ఉదయం 8.05

బ్యాటరీ నీళ్లే పోశానండి. గీత పెట్టాను.